పొత్తిళ్ళ బొంత నుంచి ఊలు టోపీ దాకా



చరిత్ర అనగానే మనకు కోటలు, శాసనాలు, రాజుల పేర్లు గుర్తుకొస్తాయి. ఈ పూట నేను చెప్పబోయే చరిత్రకు శాసనం లేదు, తామ్రపత్రం లేదు. ఉన్న ఒకే ఒక్క సాక్ష్యాన్ని కూడా చంటిపిల్లలు తడిపి, నమిలి, లాగి, చివరికి వంటింట్లో మసిగుడ్డ చేసేస్తారు. బిడ్డ కోసం ఇంట్లో ఆడవాళ్ళు తమ చేత్తో కుట్టే బొంత, జుబ్బా, అల్లే టోపీ, మేజోళ్ళు, వీటి సంగతి చెబుతున్నాను. పుట్టిన మనిషి ఒంటిని మొదట తాకిన గుడ్డ ఏదో, దాన్ని ఎవరు కుట్టారో ఏ పుస్తకమూ రాసిపెట్టదు.

మన కోరాపుట్, రాయగడ జిల్లాల తెలుగు ఇళ్ళలో ఈ పనికి ఒక ప్రత్యేకత ఉంది. శ్రీకాకుళం, విజయనగరం మైదానాల్లోని మన చుట్టాలు బారసాలకు వెండి గిన్నె, మొలతాడు, నూలు బట్టలు ఇస్తారు. కొండెక్కి వచ్చేసరికి ఆ పళ్ళెంలో ఊలు టోపీ, ఊలు స్వెట్టరు కూడా చేరతాయి. చేరవలసిందే మరి. కోరాపుట్ పట్టణం సముద్ర మట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. పొట్టంగి దగ్గరి దేవమాలి శిఖరం 1672 మీటర్లతో ఒడిశా అంతటికీ ఎత్తయినది. పుష్యమాసపు రాత్రుల్లో సెమిలిగుడ, పొట్టంగి వైపు ఉష్ణోగ్రత 10 డిగ్రీల లోపుకు దిగడం మామూలే. అయితే చలి ఉన్నంత మాత్రాన ఊలు అల్లిక వచ్చేయదు. ఈ కొండల్లో చలి ఎప్పటినుంచో ఉంది, ఊలు సూది మాత్రం మన ముత్తవ్వల కాలం తర్వాతిది. అది ఎలా వచ్చింది, వచ్చి ఏం చేసింది అన్నదే ఈ ప్రసంగం.

ఊలు కంటే ముందు ఉన్నది బొంత. పాత నూలు చీరలు, పంచెలు నాలుగైదు పొరలుగా పరిచి, అంచులు లోపలికి మడిచి, సూదిని పైకీ కిందికీ పోనిస్తూ వరసలు వరసలుగా కుట్టడమే. దారం కూడా కొననక్కర్లేదు, పాత చీర అంచులోంచే లాగేవారు. చూడటానికి ఇంత తేలిక పని లేదనిపిస్తుంది. కుట్టి చూడండి, పొరలు జారకుండా, ముడతలు పడకుండా మధ్య నుంచి చుట్టూ కుట్టుకు రావడం ఎంత కష్టమో తెలుస్తుంది. ఏళ్ళ తరబడి ఉతికిన నూలు గుడ్డలో గంజి ఉండదు, బిరుసు ఉండదు, తడిని ఇట్టే పీల్చుకుంటుంది. పసిబిడ్డ చర్మానికి కొత్త గుడ్డ కంటే అదే హాయి. చాలా ఇళ్ళలో బారసాల అయ్యేదాకా బిడ్డకు కొత్త బట్ట తొడగరు. పెద్దవాళ్ళ పాత చీరలోనో పంచెలోనో చుడతారు. అవే పొత్తిళ్ళు. మన ఒడియా ఇరుగుపొరుగువారు 21వ రోజున ఏకోయిశియా చేసుకుంటారు. పేరు వేరైనా పాతగుడ్డ మర్యాద రెండు వైపులా ఒకటే.

ఇక్కడ ఇంకో ఆచారం కూడా చెప్పాలి. బిడ్డ పుట్టకముందే బట్టలు కుట్టి దాచిపెట్టుకోవడం మన పెద్దవాళ్ళకు ఇష్టం ఉండేది కాదు. దిష్టి తగులుతుందనేవారు. చదువుకున్నవాళ్ళం మనం దాన్ని మూఢనమ్మకం అని కొట్టిపారేస్తాం. నాకు అలా అనబుద్ధి కాదు. పుట్టిన బిడ్డ దక్కుతుందో లేదో తెలియని రోజుల్లో, పెట్టెలో చిన్న జుబ్బాలు మడతపెట్టి ఉంచుకోవడం ఎంత భయమో ఆ తల్లులకు తెలుసు. 1992–93లో జరిగిన మొదటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఒడిశాలో పుట్టిన ప్రతి 1000 మంది శిశువుల్లో 112 మంది ఏడాది నిండకుండానే పోతున్నారని లెక్క తేల్చింది. అది రాష్ట్రం మొత్తానికి సగటు. దవాఖాన లేని కొండ ఊళ్ళ సంగతి వేరే చెప్పాలా? ముందుగా కుట్టవద్దన్న పెద్దావిడ మాట వెనక ఆ లెక్క ఉంది.

బొంతకు మన జిల్లాలో మరో పాయ వచ్చి కలిసింది. దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన శరణార్థుల పునరావాసానికి 1958లో దండకారణ్య ప్రాజెక్టు మొదలైంది. దాని ప్రధాన కార్యాలయం కోరాపుట్‌లోనే ఉండేది. ఉమర్‌కోట్ వైపు, మల్కనగిరి వైపు, అంటే అప్పటి ఉమ్మడి కోరాపుట్ జిల్లాలోనే, వాళ్ళు స్థిరపడ్డారు. ఇల్లూ వాకిలీ వదులుకుని వచ్చిన ఆ తల్లుల చేతుల్లో కంథా పని ఉంది. అదీ పాత చీరల పొరలే, అదీ సాదా కుట్టే. కాకపోతే ఆ కుట్టుతోనే చేప, తామర, ఏనుగు బొమ్మలు తీస్తారు. చంటిబిడ్డకు కంథా కుట్టి ఇవ్వడం వాళ్ళకు మనకున్నంత సహజం. ఒడియాలో కూడా బొంతను కంథా అనే అంటారు.

భాష సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. రెండు భాషల్లో పాఠం చెప్పేదాన్ని, ఇలాంటివి కంటపడకుండా పోవు. ఒడియాలో బుణిబా అంటే నేయడం, అల్లడం, విత్తనం చల్లడం కూడా. తెలుగులో నేత వేరు, అల్లిక వేరు, కుట్టు వేరు. తాటాకు చాప అల్లుతాం, జడ అల్లుతాం, పాదు పందిరికి అల్లుకుంటుంది, అబద్ధాన్ని కూడా అల్లుతాం. అందుకే ఊలు సూదులు వచ్చినప్పుడు మనం కొత్త మాట వెతుక్కోలేదు. స్వెట్టరు అల్లడం అన్నాం, సరిపోయింది. టోపీకి కుల్లాయి అన్న మాట శ్రీనాథుడి పేర ప్రచారంలో ఉన్న చాటువులోనే ఉంది. పని కొత్తదైనా మాటలు పాతవే దొరికాయన్నమాట.

ఇక ఆ పని ఎక్కడిది? లోకంలో దొరికిన పాత అల్లిక బట్టల్లో ఈజిప్టువి ముఖ్యం. దాదాపు వెయ్యేళ్ళ నాటి మేజోళ్ళు అవి. విశేషం ఏమిటంటే వాటిలో చాలా భాగం నూలువే, ఉన్నివి కావు. అక్కడినుంచి యూరప్ చేరి, అక్కడి చలికి ఉన్నిని పట్టుకుని, ఇంటింటి పని అయింది. మన దేశానికి 19వ శతాబ్దంలో తెల్లదొరల కుటుంబాలతో, మిషనరీలతో వచ్చింది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేదాకా మన ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం జిల్లా కింద ఉండేదని మీకు తెలుసు. ఆ ప్రెసిడెన్సీ బాలికల పాఠశాలల్లో సూదిపని పాఠ్యాంశం. చదవడం, రాయడం, లెక్కలతో పాటు అంచు మడిచి కుట్టడం, చిరుగు కలపడం కూడా పరీక్షలో చూపించాలి. ఇనస్పెక్టరు దొర ముందు పిల్లలు జేబురుమాళ్ళు, చిన్న చొక్కాలు పరిచేవారు. చిన్న చొక్కాలే ఎందుకంటే గుడ్డ తక్కువ పడుతుంది కాబట్టి. మెడ, చంక, చెయ్యి, అంచు, గుండీ, అన్నీ నేర్పడానికి పెద్ద చొక్కా అవసరం లేదు, బొమ్మంత జుబ్బా చాలు. చంటిబిడ్డ బట్టలు పాఠశాల పని కావడానికి ఈ పొదుపే కారణమని నా ఊహ.

కోరాపుట్‌లో జర్మనీలోని బ్రెక్లుమ్ నుంచి వచ్చిన లూథరన్ మిషనరీలు 1882లో నివాసం ఏర్పరచుకున్నారు. రాయగడ వైపు బిస్సం కటక్‌లో డెన్మార్క్ వైద్యురాలు డాక్టర్ ఎలిజబెత్ మాడ్సెన్ 1954లో ఆసుపత్రి ప్రారంభించారు. ఈలోగా 1931లో విజయనగరం–రాయ్‌పూర్ రైలు మార్గం పూర్తయింది. రాయగడ స్టేషనులో సరుకు దిగడం మొదలయ్యాక కాన్పూర్ లాల్ ఇమ్లీ మిల్లు ఉన్ని లాంటివి కొండకు రావడం సులువైంది. ఆ తర్వాత 1964లో సునాబెడలో విమాన ఇంజన్ల కర్మాగారం, 1981 తర్వాత దామన్‌జోడిలో అల్యూమినా కర్మాగారం వచ్చాయి. కాలనీల్లో పంజాబు వారి పక్క క్వార్టర్‌లో ఒంగోలు వారు, వారి పక్కన మలయాళీలు. ఊలు అల్లిక మన తెలుగు ఇళ్ళలో నిజంగా వేళ్ళూనింది అప్పుడే అంటాను. మిషన్ బడిలో ఇది పరీక్షాంశం, కాలనీ వరండాలో మాత్రం కబుర్ల మధ్య చేతిపని. పక్కింటి వదినగారు నాలుగు వరసలు అల్లి చూపిస్తే, ఈవిడ ఇంటికొచ్చి విప్పి మళ్ళీ అల్లేది. సూదులు దొరక్కపోతే సైకిలు చువ్వలు నూరి వాడినవాళ్ళున్నారు, వెదురు పుల్లలు నున్నగా చెక్కుకున్నవాళ్ళున్నారు.

ఇంతవరకూ అంతా బాగానే ఉంది. కానీ ఈ చేతిపనిని మనం తీరిక వేళల పని అంటాం, ఇప్పటివాళ్ళు హాబీ అంటారు. ఆ మాట దగ్గర నాకు కొంచెం పేచీ ఉంది. దానికి మీరు నాతో కొండ దిగి గోదావరి ఒడ్డుకు రావాలి.

పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం ప్రాంతంలో ఆడవాళ్ళు ఒకే ఒక్క కొక్కెం సూదితో, తెల్ల నూలు దారంతో లేసు అల్లుతారు. దీన్ని కూడా 19వ శతాబ్దంలో మిషనరీలే నేర్పారు. కరువు రోజుల్లో పేద క్రైస్తవ స్త్రీలకు నాలుగు డబ్బులు వస్తాయని మొదలైన పని, తర్వాత కాపు కులపు స్త్రీలకూ, ఇతరులకూ పాకింది. గడప దాటి కూలికి వెళ్ళడం పరువుతక్కువ అనుకునే ఇళ్ళకు ఇంట్లో కూర్చుని చేసే పని అనువుగా కనిపించింది. ఆ లేసు విదేశాలకు ఎగుమతి అయింది. బల్లల మీది గుడ్డలు, దిండు గలేబులు, పసిపిల్లల బట్టల అంచులు.

జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మారియా మీస్ అక్కడికి వచ్చి పరిశోధన చేసి, 1982లో ‘ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్’ అనే పుస్తకం వెలువరించారు. ఆమె చూపించిన నిజం ఇది. ఇంటిచాకిరీ అంతా చేసుకుంటూనే ఆ స్త్రీలు రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లేవారు. చేతికి వచ్చేది సగటున రోజుకు రూపాయి కూడా కాదు. ఎందుకంటే వారిని ఎవరూ కార్మికులుగా లెక్క వేయలేదు. గృహిణులు, ఊరికే కూర్చోలేక తీరిక వేళల్లో అల్లుతున్నారు అన్నారు. వ్యాపారులు అదే అన్నారు, ఇంట్లో మగవాళ్ళు అదే అన్నారు, చివరికి ఆ స్త్రీలు కూడా అదే అన్నారు. తీరిక పనికి కూలి ఎంత ఇస్తే మాత్రం ఏం? ఒక్క మాట వాళ్ళ ఎనిమిది గంటల్ని మింగేసింది. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. ఆ గుర్తింపు పత్రం వచ్చిన తర్వాత అల్లేవారి చేతికి ఎంత వస్తోందన్నది అడగవలసిన ప్రశ్న.

ఇదంతా చంటిబిడ్డ టోపీకి ఎందుకంటారా? ఆ సూదీ ఈ సూదీ ఒకే బడి నుంచి వచ్చాయి. అక్కడ అది అమ్మకానికి వెళ్ళింది, మన కొండల్లో కానుకగా మిగిలింది. కానుకగా మిగిలినందుకు సంతోషిస్తాను గానీ, అందులో పడిన గంటల్ని లెక్కలోంచి తీసేయడం ఇక్కడా జరుగుతూనే ఉంది. ఒక స్వెట్టరు, టోపీ, మేజోళ్ళ జత అల్లాలంటే ఇంటిపని మధ్య రెండు మూడు వారాలు పడుతుంది. తీసుకున్నవాళ్ళు ఊలు ఖరీదు ఎంత అని అడుగుతారు. బజార్లో ఇంతకంటే చవకే కదమ్మా అని కూడా అంటారు.

కానుక అమ్మకపు సరుకుగా మారడం ఎలా ఉంటుందో చూడాలంటే మనకు దూరం వెళ్ళనక్కర్లేదు. రాయగడ జిల్లా నియమగిరి కొండల్లో డోంగ్రియా కంధుల కప్డాగండా ఉంది. డొంబులు నేసిన ముతక తెల్ల గుడ్డ మీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ దారాలతో గీతలు, త్రికోణాలు కుడతారు. పెళ్ళి కాని అమ్మాయి తాను కోరుకున్న అబ్బాయికి దాన్ని కుట్టి ఇస్తుంది. అన్నకో తండ్రికో కూడా ఇస్తుంది. దానికీ 2024 జనవరిలో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇప్పుడది ప్రదర్శనల్లో అమ్ముడవుతోంది. అమ్మవద్దని నేనెలా అంటాను, వారికి డబ్బు అవసరం లేదా? ఒకరికోసం కుట్టినదానికీ ఎవరికోసమో కుట్టినదానికీ వేళ్ళు ఒకేలా కదలవని మాత్రం ఆ గుడ్డల్ని చూసినవారికి తెలుస్తుంది.

మళ్ళీ మన చలికి వద్దాం. టోపీ అలంకారం కాదు. పెద్దవాళ్ళ ఒంటిలో తల వాటా పదో వంతు లోపే. అప్పుడే పుట్టిన బిడ్డలో అది దాదాపు ఐదో వంతు. ఆ తల తడిగా, చలిగాలికి ఉంటే ఒంట్లో వేడి వేగంగా పోతుంది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ, బరువు తక్కువ బిడ్డ దాన్ని తట్టుకోలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1997లో నవజాత శిశువుకు వెచ్చదనం కాపాడటంపై ప్రత్యేకంగా ఒక మార్గదర్శిని ప్రచురించింది. వెంటనే తుడవాలి, తల్లి రొమ్ముకు ఆనించాలి, స్నానం వాయిదా వేయాలి, తలకు టోపీ పెట్టాలి అన్నవి అందులోని మాటలే. 1978లో కొలంబియా దేశపు బొగోటా నగరంలో డాక్టర్ ఎడ్గార్ రే సనాబ్రియా, ఇన్‌క్యుబేటర్లు చాలక, బరువు తక్కువ బిడ్డల్ని తల్లి ఒంటికే కట్టించారు. కంగారూ పద్ధతి అని అది లోకమంతా పాకింది. మన సంతకు వచ్చే గిరిజన తల్లులు బిడ్డను గుడ్డతో ఒంటికి కట్టుకునే నడుస్తారు. ఆ పద్ధతిలో కూడా బిడ్డ ఒంటిమీద ఉండేవి గోచీ, మేజోళ్ళు, టోపీ. అంతే. అంటే మన ఇళ్ళలో అల్లే చిన్న వస్తువుల్లోనే రెండు ఆ జాబితాలో ఉన్నాయి.

2019–21 నాటి అయిదో సర్వే నాటికి ఒడిశాలో శిశుమరణాలు 1000కి 36కి తగ్గాయి. టీకాలు, ఆసుపత్రి పురుళ్ళు, ఆశా కార్యకర్తల కాళ్ళు అరిగేలా తిరగడం, వీటి ఫలితం అది. టోపీలు అల్లి తగ్గించామని నేను చెప్పను. ముప్పై ఆరు కూడా చిన్న అంకె కాదు, ఆ ఇళ్ళకు. ఒకటి మాత్రం నిజం. ఇప్పుడు మా వీధిలో ఏడో నెల రాగానే ఊలు కొనుక్కొస్తున్నారు. దిష్టి అని ఆపేవాళ్ళు తగ్గారు. బిడ్డ దక్కుతుందన్న నమ్మకం పెరిగితేనే పెట్టెలో ముందుగా టోపీ చేరుతుంది.

పాఠశాలల్లో ఈ పని సంగతి త్వరగా చెప్పేస్తాను. 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ కమిటీ సిఫారసు తర్వాత సమాజోపయోగ ఉత్పాదక పని అనే పేరు వచ్చింది. పేరు గంభీరంగా ఉంది, వారానికి రెండు పీరియడ్లు. ఆడపిల్లలకు అల్లిక, మగపిల్లలకు తోటపని అని పంచేయడం అలవాటైంది. మగపిల్లలకూ సూదులిస్తే మొదట నవ్వుతారు, రెండో వారానికి వరసలు లెక్కపెడుతూ నిశ్శబ్దంగా కూర్చుంటారు. లెక్కలు రాని పిల్లవాడికి ఎనిమిదో ఎక్కం అల్లికలో వచ్చిందంటే నమ్మండి.

అల్లబోయేవారికి నాలుగు మాటలు చెప్పి సెలవు తీసుకుంటాను. బజార్లో కేష్మిలాన్ అని ఇచ్చేది గొర్రె ఉన్ని కాదు, యాక్రిలిక్ దారం. ఉతకడానికి సులువే గానీ, చెమటను పీల్చదు. అందుకని లోపల మెత్తని నూలు జుబ్బా వేసి పైన స్వెట్టరు తొడగాలి, పొయ్యి దగ్గర, కుంపటి దగ్గర మరింత జాగ్రత్తగా ఉండాలి. మన దగ్గర దొరికే సూదులకు పాత ఇంగ్లీషు లెక్క, నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. చంటిపిల్లల పనికి 10వ నంబరు, అంటే మూడుంపావు మిల్లీమీటర్ల సూది, బాగుంటుంది. నెలలు నిండి పుట్టిన బిడ్డ తల చుట్టుకొలత సుమారు 33 నుంచి 35 సెంటీమీటర్లు. టోపీ అంతకంటే మూడు నాలుగు సెంటీమీటర్లు తక్కువ అల్లండి, సాగి అతుక్కుంటుంది. 50 గ్రాముల ఉండ ఒక టోపీకి సరిపోయి ఇంకా మిగులుతుంది. స్వెట్టరు ముందువైపు తెరిచి ఉండేలా అల్లండి, తల మీదుగా లాగి తొడిగితే బిడ్డ ఏడుస్తుంది, తల్లి బెదురుతుంది. మెడ దగ్గర పొడుగు రిబ్బన్లు, ఊలు తాళ్ళు వద్దు. గుండీలు గట్టిగా కుట్టండి. చేతి తొడుగులకు, మేజోళ్ళకు చిల్లుల డిజైను అస్సలు వద్దు, ఆ చిల్లుల్లో చిట్టివేళ్ళు ఇరుక్కుంటాయి. లోపల వేలాడే దారపు పోగులు కత్తిరించండి, వేలికి చుట్టుకుంటే రక్తం ఆగిపోతుంది. బిడ్డ నిద్రపోయేటప్పుడు వదులు టోపీ ముఖం మీదికి జారకుండా చూడమని తల్లికి చెప్పండి.

ఇచ్చే ముందు గోరువెచ్చని నీళ్ళలో ఉతికి, పిండకుండా తువ్వాలు మీద పరిచి, నీడలో ఆరబెట్టండి. తీగ మీద వేలాడదీస్తే సాగిపోతుంది.